నేల మీద ఏదీ ఉంచని మనిషి

కొత్తగా చేరిన పనమ్మాయి కొన్నాళ్లు ఓపిక పట్టి, మొన్న ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఏవండీ అమ్మగారూ, చీపురేమో మేకుకి తగిలిస్తారు. బకెట్టేమో కొక్కేనికి. చెప్పులేమో కిటికీలో. నేల మీద ఏదీ పెట్టకూడదని మీకు మొక్కేమన్నా ఉందాండీ?"

"నీళ్లొస్తాయేమోనని," అన్నాను అలవాటుగా.

ఆ పిల్ల బాల్కనీలోకి వెళ్లి కిందికి తొంగి చూసింది. మాది మూడో అంతస్తు. కింద కొబ్బరి బోండాల బండి చుట్టూ ఎండ మండిపోతోంది. లోపలికి వచ్చి నా ముఖం ఒకసారి చూసి, గిన్నెలు తోముకుంది. నా మీద జాలేసినట్టుంది. వెళ్లేటప్పుడు మాత్రం ఇల్లు తుడిచిన గుడ్డని ఓ మూల పడెయ్యకుండా కుళాయి మీద ఆరేసి వెళ్లింది.

ఏలూరులో ఈ ఫ్లాటు కొనుక్కుని చాలా ఏళ్లయింది. ఇంతవరకూ ఇంట్లోకి నీళ్లు రాలేదు. ఈ ఎత్తుకి నీళ్లొచ్చిన నాడు చీపురు తడిసిందా లేదా అని చూసుకోవడానికి ఊళ్లో ఎవరూ మిగలరని మావారు అంటారు. ఆ మాట నిజమేనని నాకూ తెలుసు. అయినా సాయంత్రం దీపం పెట్టగానే నా కాళ్లు వాటంతటవే ఇల్లంతా తిరుగుతాయి. చేతులు వాటంతటవే కింద కనిపించినదల్లా ఎత్తి పైన పెడతాయి. ఈ పని నేను మా దొడ్డమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ పోయి కిందటి కార్తీకానికి ఏడాది. పనమ్మాయి అడిగిన దగ్గర్నుంచీ ఆవిడే కళ్లముందు తిరుగుతోంది, కుచ్చిళ్లు చీలమండల పైకి దోపుకుని. పట్టుచీర కట్టినా, పేరంటానికి వెళ్లినా ఆవిడ చీర అంచు నేలకి జానెడు పైనే ఉండేది. మోకాలి లోతు నీళ్లలో నడిచే మనిషి ఎలా కట్టుకుంటుందో అలా కట్టేది, తారు రోడ్డు మీద నడవడానికి కూడా.

దొడ్డమ్మ మా అమ్మకి అక్క. ఇద్దరూ కొల్లేటి లంకలో పుట్టారు. చుట్టూ నీళ్లు, మధ్యన ఊరు, ఆ ఊళ్లో మా తాతయ్య కిరాణా కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. బుడమేరూ తమ్మిలేరూ పొంగి కొల్లేట్లో పడ్డాయంటే ఆ నీళ్లు గుమ్మం దాటేవి. చేపలు పట్టుకునే ఇంట్లో పడవైనా ఉంటుంది. కిరాణా కొట్టులో ఏముంటుంది? ఉప్పు, బెల్లం, పంచదార. నీళ్లని చూస్తే చాలు కరిగిపోయే సరుకు. అందుకని ఆ ఇంట్లో ఆడపిల్లలకి ముగ్గు వెయ్యడం కన్నా ముందు, ఎసరు పెట్టడం కన్నా ముందు, ఎత్తిపెట్టడం నేర్పారు. మా అమ్మ చిన్నది, పెళ్లయి ఊళ్లు తిరుగుతూ అదంతా మర్చిపోయింది. దొడ్డమ్మ మర్చిపోలేదు. ఆవిడ కోడలిగా వచ్చింది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసేవాళ్ల ఇంటికి. ఆ వీధిలో వరద మాట దేవుడెరుగు, కుళాయిలోకే నీళ్లు సరిగ్గా వచ్చేవి కావు.

మా నాన్నది బదిలీల ఉద్యోగం కావడంతో నన్ను చదువుకని దొడ్డమ్మ దగ్గర ఉంచేశారు. ఆవిడకి పిల్లలు లేరు. ఆవిడకి నేను, నాకు ఆవిడ. పెదనాన్న పొద్దున్నే మార్కెట్‌కి వెళితే సాయంత్రం ఉల్లిపాయల వాసనతో తిరిగొచ్చేవారు. ఆయన వచ్చేలోపు మా పని అయిపోవాలి.

దీపం వెలిగించి, పుల్ల ఆర్పి, అగ్గిపెట్టెని మూతడబ్బాలో వేసి, "రావే, ఎత్తిపెడదాం," అనేది. దానికో వరస ఉంది. ముందు మంచినీళ్ల బిందె గట్టు మీదికెక్కాలి. తర్వాత ఉప్పు జాడీ. ఆ తర్వాత అగ్గిపెట్టె, బెల్లం, బియ్యం. బట్టలు ఆఖర్న. బియ్యం బస్తా ఎప్పుడూ ఇటుకల మీద వేసిన బల్ల మీదే ఉండేది, అయినా రోజూ దాని అడుగున చెయ్యి పెట్టి తడిమి చూసేది. కూరగాయల బుట్ట ఉట్టిలోకి, చాపలు చుట్టి దండెం మీదికి, పీటలు గోడకున్న కొక్కేలకి.

"నీళ్లొస్తాయని నీళ్లనెందుకు ఎత్తిపెట్టడం దొడ్డమ్మా?" అని అడిగానొకసారి.

"వచ్చేవి తాగే నీళ్లటే? ఇల్లంతా నీళ్లున్న రోజునే గొంతు తడుపుకోడానికి చుక్క దొరకదు పిచ్చిదానా."

"మరి నీ నగలో? అవి వరసలో లేవేంటి?"

"తడిస్తే ఏమవుతాయే? తుడుచుకుంటే సరి."

"రోలు?"

"దాన్ని ఎవరెత్తుతారు? అది ఎక్కడికీ పోదులే."

ఈ వరస నాకు ఎక్కాల కన్నా ముందే వచ్చేసింది. ఇవాళ్టికీ నీళ్లు శుభ్రం చేసే మిషను వంటింటి గోడకి ఉండగా నేను ఓ చిన్న స్టీలు బిందె నింపి గట్టు మీద పెడతాను. ఎందుకని అడిగితే దొడ్డమ్మ చెప్పినంత బాగా చెప్పలేను.

ఆ ఇంట్లో సామాన్లే కాదు, మనుషులు కూడా నేల మీద పడుకోవడానికి వీల్లేదు. వేసవి సెలవుల్లో పెదనాన్న వైపు పిల్లలంతా దిగేవారు. ఇంకే ఇంట్లోనైనా వరసగా చాపలు పరిచి పడుకోబెట్టేస్తారు. దొడ్డమ్మ మాత్రం ఉన్న మంచాలన్నీ దగ్గరికి జరిపి మమ్మల్ని అడ్డంగా సర్దేది. చాలకపోతే వీధిలో వాళ్లందరి మడత మంచాలూ మా ఇంటికి నడిచొచ్చేవి. అటూ ఇటూ తన్నుకుంటూ, ఒకళ్ల కాళ్లు ఇంకొకళ్ల ముఖం మీద వేసుకుంటూ పడుకునేవాళ్లం. ఆవిడ గుమ్మంలో నిలబడి, దీపం తీసేముందు అడిగేది.

"అందరూ పైకెక్కారా?"

"ఎక్కాం!" అని అరిచేవాళ్లం. అప్పుడు తను వెళ్లి తన మంచం ఎక్కేది. ఆవిడ మా అందరి కన్నా ముందు పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక ఇక్కడ మా బాబాయిగారి గురించి చెప్పాలి. పెదనాన్నకి తమ్ముడు, దొడ్డమ్మకి మరిది. పక్క వాటాలో ఉండేవారు. మంచివారు, కానీ పంచాంగం చూడకుండా తుమ్మడానికి కూడా ఇష్టపడరు. గోరు తియ్యాలంటే వారం చూడాలి, గడప దాటాలంటే వర్జ్యం చూడాలి. దొడ్డమ్మని ఆటపట్టించడం ఆయనకి కాఫీతో సమానం. "కొల్లేరు వదినగారు" అనే పిలిచేవారు.

"ఏవండీ కొల్లేరు వదినగారూ, ఇవాళ ఎంత లోతుందండి?"

"మీ మోకాళ్ల దాకా వచ్చాయి, పంచె ఎగ్గట్టుకోండి," అనేది ఆవిడ చేతిలో పని ఆపకుండా. ఆయన నిజంగానే ఓసారి కిందికి చూసుకున్నారని ఇప్పటికీ మా ఇళ్లల్లో చెప్పుకుంటారు.

అలా ఆటపట్టించే బాబాయిగారే ఒక్క విషయంలో మాత్రం దొడ్డమ్మని అందరికీ ఆదర్శంగా చూపించేవారు. దొడ్డమ్మ పొద్దున్నే నిద్రలేస్తూనే పాదం కింద పెట్టేది కాదు. మంచం పట్టె మీంచి వంగి ముందు అరచెయ్యి నేలకి ఆనించేది. ఆ తర్వాతే కాలు దింపేది. నిద్రకళ్లతో ఉన్నా, జ్వరంతో ఉన్నా ముందు చెయ్యే. బాబాయిగారు తన కోడళ్లని కూర్చోబెట్టి చెప్పేవారు:

"చూసి నేర్చుకోండమ్మా మా వదినగార్ని. లేస్తూనే భూదేవిని తాకి, కళ్లకద్దుకుని, అప్పుడు గాని పాదం మోపరు. ఈ రోజుల్లో ఎవరికుందీ ఆ భక్తి?"

కళ్లకద్దుకోవడం ఆయన సొంతంగా చేర్చింది. దొడ్డమ్మ నేలని తాకి, వేళ్లు ఒకదానికొకటి రాసి చూసుకునేది, అంతే. ఓ పొద్దున పక్క మంచం మీంచి చూస్తూ నేనూ ఆయన మాటే అన్నాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"భక్తీ లేదు, ఏమీ లేదే. నీళ్లొచ్చాయేమో చూస్తా. పొడిగా ఉంటే దిగుతా. మీ బాబాయికి చెప్పకే. ఆయన సంతోషం ఆయనది."

నేను చెప్పలేదు. కోడళ్లు ఏళ్ల తరబడి పొద్దున్నే భూదేవిని తాకి కళ్లకద్దుకుంటూనే ఉన్నారు. అందులో ఒకావిడ తన కూతురికి కూడా నేర్పిందని విన్నాను.

ఆవిడతో రైలు ప్రయాణమంటే నాకు సిగ్గూ సరదా రెండూ. మా నాన్నకి ఏలూరు బదిలీ అయిన రోజుల్లో, సెలవులకి నన్ను అమ్మ దగ్గర దింపడానికి పాసింజరులో తీసుకొచ్చేది. సంచి ఒళ్లోనే. అది సరే. భీమడోలు దాటాక ఎదుటి సీటాయన తన సంచిని కాళ్ల దగ్గర పెట్టుకుని కునుకు తీస్తుంటే, ఈవిడ కాసేపు దాన్నే చూసి, చూసి, ఇక ఆగలేక వంగి ఎత్తి ఆయన పక్కన పెట్టేసింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"ఏంటండీ ఇది?"

"మీ సంచి తడుస్తుందండి."

ఆయన కిందికి చూశాడు, పైకి చూశాడు. "తడెక్కడుందండీ?"

"ఇప్పుడు లేదులెండి," అంది దొడ్డమ్మ నెమ్మదిగా.

ఆయన ఏలూరు దాకా సంచిని కౌగిలించుకుని కూర్చున్నాడు, మేం దొంగలమన్న అనుమానంతోనో, తడుస్తుందన్న భయంతోనో నాకు తెలియదు. నేను కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను.

అలా నవ్విన దాన్ని నేనూ తక్కువదాన్నేం కాదు. పెళ్లయి ఏలూరు వచ్చిన కొత్తల్లో ఓ సాయంత్రం కొత్త కోడల్ని చూడటానికి మా అత్తగారి వైపు పెద్దవాళ్లు వచ్చారు. వాళ్లు లోపల కాఫీలు తాగుతుండగా దీపాల వేళయింది. నా కాళ్లు కదిలాయి. చేతులు కదిలాయి. వాళ్లు బయల్దేరే వేళకి గుమ్మం ముందు ఒక్క చెప్పు లేదు. అందరూ వెతికారు. పక్కింటి వాళ్లని అడిగారు. కుక్క పనేమోనని సందు చివరిదాకా వెళ్లి చూశారు. ఆఖరికి మావారు పొడుగు మనిషి కాబట్టి ముందు గది అటక మీద వరసగా, జతకి జత సర్దిపెట్టి ఉన్న చెప్పులు ఆయనకే కనిపించాయి. మా అత్తగారు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. చెప్పులు దాచిన పెళ్లికూతురని నాకు చాలా కాలం పేరుండిపోయింది.

ఏడుస్తూ దొడ్డమ్మకి చెబితే ఆవిడ అంతా విని, "తడవలేదు కదా?" అంది.

పెదనాన్న పోయాక ఆవిడ కొన్నాళ్లు గూడెంలోనే బాబాయిగారి వాళ్లతో ఉంది. కంటి ఆపరేషనుకని ఏలూరు తీసుకొస్తే ఇక నేను వెళ్లనివ్వలేదు. మావారికి బజార్లో స్టీలు సామాన్ల కొట్టుంది. వ్యాపారంలో పుట్టిన మనిషి కావడంతో ఆయన ప్రతిదానికీ లాజిక్కు కావాలంటారు. ఆయనకి ఆఫీసు బ్యాగు లాంటిదొకటుండేది, దొడ్డమ్మ వచ్చిన మొదటివారం అది రోజూ సోఫా పక్కన నేల మీద నుంచి మాయమై అలమర మీద తేలేది.

"అత్తయ్యగారూ, మనం మూడో అంతస్తులో ఉన్నామండి. ఇక్కడికి నీళ్లు ఎలా వస్తాయండి?"

"నీళ్లకి అంతస్తులు లెక్కపెట్టడం రాదు కదా అల్లుడుగారూ," అంది ఆవిడ.

ఆయన దానికి జవాబు కోసం రెండు రోజులు ఆలోచించారు. దొరకలేదు. తర్వాత తర్వాత ఆయనే గుమ్మంలోకి రాగానే బ్యాగు కొక్కేనికి తగిలించి, "ఎక్కించానండీ," అని వంటింట్లోకి వినపడేలా చెప్పేవారు. ఆవిడ లోపల్నుంచి "మంచిది బాబూ," అనేది. వాళ్లిద్దరి మధ్యా పెద్దగా మాటలుండేవి కావు. ఈ రెండు మాటలూ రోజూ ఉండేవి. ఆవిడ పోయాక ఓ సాయంత్రం ఆయన అలవాటుగా "ఎక్కించానండీ" అనేసి, గుమ్మంలోనే నిలబడిపోయారు. నేను వంటింట్లోంచి బయటికి రాలేకపోయాను.

ఆవిడ నన్నెప్పుడూ ఏదీ అడిగేది కాదు. చీర కొంటే "ఎందుకే" అనేది, మందు తెస్తే "ఇంకా ఉన్నాయిగా" అనేది. నన్ను జీవితంలో అడిగింది ఒక్కటే.

ఆ రోజు మా కింది వాటాలో పెద్దాయన పోయారు. మధ్యాహ్నం వేళ. చూసి పైకి వచ్చాక దొడ్డమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ప్రాణం పోయేముందు ఆయన్ని మంచం మీంచి దించి చాప మీద పడుకోబెట్టారు కదా, అందరూ చేసేదే, మంచం మీద పోకూడదంటారు. దొడ్డమ్మ ఆ మాటే ఎత్తింది.

"మా మామ్మనీ అలాగే దించారే."

మామ్మ అంటే ఆవిడకి నాయనమ్మ. నేనెప్పుడూ వినలేదు ఆ సంగతి.

"నేనప్పటికి చిన్నదాన్ని. వానలు. పురోహితుడు పడవలో వచ్చాడు. దించమన్నారు, దించారు. చాప పరిచారు, దర్భలేశారు. అందరూ ఏడుస్తున్నారు. ఆ ఏడుపులో ఎత్తిపెట్టాలన్న సంగతి ఒక్కళ్లకీ గుర్తులేదు. నేను మామ్మ కాళ్ల దగ్గర కూర్చున్నా. కూర్చున్న చోట చల్లగా తగిలింది. చూద్దును కదా, చాప కింద నీళ్లు."

చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేసింది.

"ఆవిడకి ఇంకా స్పృహుందే. కళ్లు తెరిచి 'తడిసిపోతున్నానే' అంది. అదే ఆఖరి మాట. మా నాన్న పరిగెత్తి కొట్టులో ఉప్పు బస్తాలున్న బల్ల ఖాళీ చేశాడు. బస్తాలు కింద పడేసి మామ్మని బల్ల మీదికెత్తారు. తెల్లారేసరికి గోనెలున్నాయి, ఉప్పు లేదు. ఆ ఏడాది మాకు చాలా కష్టమైంది. మా నాన్న మాత్రం ఉప్పు గురించి ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు."

ఆవిడ తలెత్తి నన్ను చూసింది.

"నన్ను మాత్రం దించనివ్వకే అమ్మాయ్."

"అలాగే దొడ్డమ్మా."

"ఊరికే అలాగే అనకు. మీ బాబాయి ఊరుకోడు."

"నేను చూసుకుంటా."

"చూసుకో," అని మళ్లీ చిక్కుడుకాయల్లో పడిపోయింది. ఆ పూట కూర చాలా బాగా కుదిరిందని కూడా గుర్తుంది నాకు.

కార్తీకంలో ఆవిడకి ఆయాసం ఎక్కువైంది. ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంచి, ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆ చెప్పే తీరులోనే అర్థమైంది. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. మగతగా ఉండేది. మధ్యమధ్య కళ్లు తెరిచి నేలవైపు చూసేది. నేను వెంటనే ఇల్లంతా తిరిగొచ్చి, "అన్నీ ఎక్కించాను దొడ్డమ్మా," అనేదాన్ని. కళ్లు మూసుకునేది.

కబురు తెలిసి బాబాయిగారు గూడెం నుంచి బస్సులో వచ్చారు. ఎనభై దాటిన మనిషి, చేతికర్రతో మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ మంచం పక్కన కుర్చీలో కూలబడ్డారు. సంచిలోంచి దర్భలు తీశారు, గంగ చెంబు తీశారు. వదినగారి ముఖంలోకి కాసేపు చూశారు. నాడి పట్టుకున్నారు. తర్వాత మావారి వైపు తిరిగి మెల్లగా అన్నారు.

"ఇక ఎంతోసేపు లేదండి అల్లుడుగారూ. చాప వెయ్యమనండి. దించుదాం."

మావారు నా వైపు చూశారు.

"దించొద్దు బాబాయిగారూ," అన్నాను.

ఆయన మాటకి ఎదురు చెప్పడం నాకు తెలిసి అదే మొదలు.

"అదేంటమ్మా? మంచం మీద పోతే దోషం కాదూ?"

"ఆవిడ వద్దంది. నేను మాటిచ్చాను."

"ఆవిడకేం తెలుసమ్మా అప్పుడు! పోయేవాళ్లు ఏదో అంటారు. ఉన్నవాళ్లం మనం చెయ్యాల్సింది చెయ్యొద్దూ? ఆవిడకి మంచి గతులుండొద్దా?" ఆయన కుర్చీలోంచి ముందుకు వంగారు. "నాకు పెళ్లి కాకముందు నుంచీ నాకు అన్నం పెట్టిన తల్లి. ఆవిడ మీద ప్రేమ లేక చెబుతున్నానా నేను?"

ప్రేమ లేక కాదని నాకు తెలుసు. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన పట్టుదల కోసం చెబుతుంటే నాకు జవాబు సులువుగా ఉండేది. పైగా ఆయన చెప్పేది నమ్మని దాన్నీ కాదు నేను. మా నాన్నని, మా అత్తగార్ని దించినప్పుడు ఈ చేతులతోనే చాప పరిచాను. ఇచ్చిన మాట నిలబెట్టుకుని దొడ్డమ్మకి పైలోకంలో ఎక్కడో లోటు చేస్తున్నానేమోనని భయమేసింది. మంచం మీద ఆవిడ ఊపిరి తెగి తెగి వస్తోంది. ఇక ఆలోచించుకునే వ్యవధి లేదు.

"బాబాయిగారూ, దొడ్డమ్మ పొద్దున్నే చెయ్యి నేలకి ఆనించేది, గుర్తుందా మీకు?"

"గుర్తులేకపోవడమేంటమ్మా. భూదేవికి దండం పెట్టుకోనిదే దిగేవారు కాదు."

"దండం కాదండి. నేల తడిగా ఉందేమోనని చూసుకునేది. రోజూ. నీళ్లొచ్చి ఉంటాయని భయం ఆవిడకి."

మామ్మ సంగతి చెప్పాను. చాప కింద నీళ్లు చెప్పాను, ఆఖరి మాట చెప్పాను, ఉప్పు బస్తాలు చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన చేతిలో దర్భలు అలాగే ఉన్నాయి.

"ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదేంటమ్మా?" అన్నారు చివరికి.

"మీ సంతోషం మీదని, చెప్పొద్దంది."

బాబాయిగారు ఏడ్చారు. పెదనాన్న పోయినప్పుడు కూడా మా ముందు ఏడవని మనిషి, ఉత్తరీయం ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. తర్వాత లేచారు. చేతికర్ర కింద పెట్టబోయి, ఆగి, దాన్ని మంచం తలవైపు పట్టెకి తగిలించారు. మావారి భుజం పట్టుకుని మెల్లగా వంగి, తన అరచెయ్యి గచ్చుకి ఆనించారు. వేళ్లు ఒకదానికొకటి రాసి చూసుకున్నారు. అప్పుడు దొడ్డమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మంచం పట్టె మీంచి నెమ్మదిగా కిందికి దించి, ఆవిడ వేళ్లు నేలకి తగిలేలా పట్టుకున్నారు.

"భూమిని తాకారు. చాలు," అన్నారు తనలో తనే. ఆ తర్వాత ఆవిడ చెవి దగ్గరికి వంగారు.

"వదినగారూ, నేల పొడిగానే ఉందండి."

దొడ్డమ్మ వేళ్లు ఒకసారి కదిలినట్టు నాకనిపించింది. ఒకదానికొకటి రాసుకున్నట్టు. నా కళ్లనిండా నీళ్లున్నాయి కాబట్టి గట్టిగా చెప్పలేను. నేను తులసి తీర్థం పోశాను. కాసేపటికి ఆవిడ మంచం మీదే వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఒక్కొక్కళ్లే రావడం మొదలుపెట్టారు. మావారు కొట్లోంచి పొడుగాటి బల్ల తెప్పించి ముందు గదిలో వేయించారు. దొడ్డమ్మని దాని మీద పడుకోబెట్టాం. తల దగ్గర దీపం కూడా పీట మీదే పెట్టాను. ముదినేపల్లి నుంచి వచ్చిన మా అత్తగారి వైపు పెద్దావిడ ఒకరు గుమ్మంలోంచే చూసి ముక్కున వేలేసుకున్నారు.

"అయ్యో, అదేంటండీ, ఇంకా బల్ల మీదే ఉంచారు? కింద పెట్టలేదేం?"

నేను నోరు తెరిచేలోపు బాబాయిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"మా వదినగారిది కొల్లేరండి," అన్నారు. "మేం కింద పెట్టం."